తక్కువ బడ్జెట్‌లో బేస్ గిటార్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ నల్లగొండ, పాలమూరు వైపు నుంచే. చర్చి కొయర్లలో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ బృందాల్లో సరదాకు వాయించేవాళ్ళు రాశారు. ఒకే రకం ప్రశ్నలు నాలుగైదు వస్తే ఒకటిగా కలిపాం.

ప్రశ్న: పదిహేను వేల దాకా పెట్టగలను. కొత్తది చవకలో కొనాలా, సెకండ్ హ్యాండ్‌లో మంచిది వెతుక్కోవాలా? కీబోర్డు వాయించే అన్న ఐదు తీగలది తీసుకొమ్మంటున్నాడు.
డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

ఐదు తీగలది ఇప్పుడు వద్దు. ఐదో తీగ బి. అది సుమారు 31 హెర్ట్జ్ దగ్గర మోగాలి. చవక గిటార్లలో అది మోగదు, తాడులా ఊగుతుంది. మోగినా, దాన్ని వినిపించే స్పీకరు ఉండాలి కదా. అన్న పాటలు డి శ్రుతిలో ఉంటే ఇ తీగను డి దాకా దించుకోండి, చాలు.

నాలుగు తీగలు, 34 అంగుళాల స్కేలు (తల దగ్గరి నట్ నుంచి బాడీ మీది బ్రిడ్జ్ దాకా తీగ పొడవు), బ్యాటరీ అక్కర్లేని ప్యాసివ్ సర్క్యూట్, పీజే పికప్‌లు (పికప్ అంటే తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంత భాగం). ఈ నాలుగూ ఉన్నది చూడండి. పీజే అంటే మధ్యలో రెండు ముక్కలుగా ఉండే ప్రెసిషన్ రకం పికప్ ఒకటి, బ్రిడ్జ్ పక్కన సన్నటి జాజ్ రకం పికప్ ఇంకొకటి. ఫెండర్ కంపెనీ మొదటిదాన్ని 1957లో, రెండోదాన్ని 1960లో తెచ్చింది. నేటికీ విడిభాగాలు తేలిగ్గా దొరికేది ఈ రెండు కొలతల్లోనే. యమహా టీఆర్‌బీఎక్స్ 174, కోర్ట్ యాక్షన్ పీజే ఈ కోవలోవే. కొత్తవి మీ బడ్జెట్‌కు అందకపోతే వాడినవి చూడండి. మొత్తం డబ్బు గిటారుకే పోయకుండా మూడు వేలు పక్కన ఉంచండి. కొత్త తీగలు, మంచి కేబుల్, వెడల్పు పట్టీ, అలెన్ కీల సెట్టు వాటిలోంచే రావాలి.

వాడినది చూసేటప్పుడు రంగు, మెరుపు చివరికి వదిలేయండి. ముందు బాడీ వైపు నుంచి నెక్ వెంబడి, తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి చూడండి. కొద్దిగా వంగి ఉంటే భయం లేదు, సరిచేయవచ్చు. పిండిన బట్టలా మెలి తిరిగి ఉంటే మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. తర్వాత ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) నట్టులో అలెన్ కీ పెట్టి పావు వంతు లోపు అటూ ఇటూ కదపండి. కదలకపోయినా, కీ జారి గుండ్రంగా తిరిగినా బేరం మానుకోండి. చివరగా నాలుగు తీగల మీదా ప్రతి ఫ్రెట్టూ (నెక్ మీది లోహపు అడ్డగీత) వాయించాలి. ఎక్కడో ఒక్క ఫ్రెట్టు దగ్గరే స్వరం చచ్చిపోతే బాడీ వైపు దాని తర్వాతి ఫ్రెట్టు లేచి ఉన్నట్టు. అది చిన్న పనే, కాని ధర తగ్గించమని అడగడానికి పెద్ద కారణం. నాబ్ తిప్పితే కరకరమనడం లోపమే కాదు, పాట్ (నాబ్ కింద ఉండి సౌండ్ పెంచి తగ్గించే భాగం) మారిస్తే పోతుంది.

ప్రశ్న: తీగలు చాలా ఎత్తులో ఉన్నాయి, నొక్కితే వేళ్ళు కాయలు కాస్తున్నాయి. దించితే బరబరమంటోంది. ఇక్కడ గిటార్ సెట్టింగ్ చేసేవాళ్ళు దొరకలేదు.
సూర్యాపేట

మీరే చేసుకోవచ్చు. అయితే వరస తప్పకూడదు. ముందు నెక్ వంపు, తర్వాత తీగ ఎత్తు, తర్వాత శ్రుతి పొందిక (నొక్కిన స్వరం సరైన శ్రుతిలో పలకడం), ఆఖరున పికప్ ఎత్తు. చాలామంది నేరుగా శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క) మరలు తిప్పేస్తారు, అక్కడే చిక్కు మొదలవుతుంది. కావలసినవి అలెన్ కీలు (శాడిళ్ళకు ఎక్కువగా 1.5 మి.మీ., ట్రస్ రాడ్‌కు 4 లేదా 5 మి.మీ.; కొన్నింటికి అంగుళాల కొలత కీ పడుతుంది), అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకుల కట్ట). ఈ గేజ్ కోసం ఊళ్ళు తిరగనక్కర్లేదు. బైక్ మెకానిక్ టాపెట్లు సరిచేసేది అదే.

కొత్త తీగలు వేసి, శ్రుతి చేసి మొదలుపెట్టండి. ఫోన్‌లోని ట్యూనర్ లావు ఇ తీగను సరిగ్గా పట్టదు, ఎందుకంటే అది 41 హెర్ట్జ్, ఫోన్ మైక్‌కు అంత లోతు అందదు. 12వ ఫ్రెట్టు మీద తీగను తాకీ తాకనట్టు ఉంచి మీటితే వచ్చే హార్మోనిక్ 82 హెర్ట్జ్, దాన్ని చక్కగా పడుతుంది.

నెక్ వంపు కొలవడానికి ఇ తీగను మొదటి ఫ్రెట్టు దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే చోట ఇంకో చేత్తో నొక్కి పట్టండి. బిగుసుకున్న తీగ స్కేలులా తిన్నగా ఉంటుంది. ఇప్పుడు 7వ ఫ్రెట్టు మీద తీగకూ ఫ్రెట్టుకూ మధ్య సందును గేజ్‌తో మరొకరు కొలవాలి. 0.30 నుంచి 0.35 మి.మీ. ఉంటే సరి. తీగ నడుమ భాగం ఎక్కువగా ఊగుతుంది కాబట్టి నెక్‌కు ఆ మాత్రం లోతు కావాలి. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాలి. అసలు లేకపోతే ఎదురువైపు వదలాలి. ఒక్కసారికి పావు చుట్టే. మళ్ళీ శ్రుతి చేసి, గంట ఆగి, మళ్ళీ కొలవండి. గట్టిగా ఉందని బలం పెడితే నట్టు తెగుతుంది, ఆపైన నెక్ మార్చడమే.

ఇప్పుడు ఎత్తు. 17వ ఫ్రెట్టు దగ్గర తీగ కిందినుంచి ఫ్రెట్టు పైదాకా ఇ తీగకు 2.5, సన్నటి జి తీగకు 2 మి.మీ. రావాలి. చవక గిటార్లలో ఫ్రెట్లన్నీ ఒకే మట్టంలో ఉండవు. మొదట 3 దగ్గర ఆగి, బరబర రానంతవరకు కొద్దికొద్దిగా దించండి. బరబర ఎక్కడ వస్తోందో అదే కారణం చెబుతుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే వస్తే నెక్ మరీ తిన్నగా ఉన్నట్టు, 12 దాటాక వస్తే శాడిల్ మరీ దిగినట్టు, నొక్కని తీగలోనే వస్తే తల దగ్గరి నట్ గాడి అరిగినట్టు.

శాడిళ్ళు అడుగంటినా తీగ ఇంకా ఎత్తులోనే ఉంటే నెక్ కోణం తప్పు. తీగలు వదులు చేసి, నెక్ నాలుగు స్క్రూలూ విప్పి, నెక్ కూర్చునే గాడిలో బ్రిడ్జ్ వైపు అంచున పాత పెళ్ళిపత్రిక అట్ట ముక్క ఒక పొర వేసి బిగించండి. అర మిల్లీమీటరు మందానికే ఆశ్చర్యపోయేంత తేడా వస్తుంది. ముక్క గాడి వెడల్పంతా ఉండాలి. తలవైపు అంచున వేస్తే ఫలితం తలకిందులవుతుంది.

శ్రుతి పొందికకు 12వ ఫ్రెట్టు హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. నొక్కినది ఎక్కువ పలికితే శాడిల్‌ను వెనక్కి, తక్కువైతే నెక్ వైపు జరపండి. పాత తీగల మీద ఈ పని దండగ, అవి ఎన్నటికీ కుదరవు. చివర, ఆఖరి ఫ్రెట్టు నొక్కినప్పుడు పికప్‌కు, తీగకు మధ్య ఇ వైపు 3, జి వైపు 2.5 మి.మీ. ఉంచండి. ఇంకా దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది.

మన ఎండలకు ఫ్రెట్ల కొసలు అంచున గీసుకుంటుంటే ఫ్రెట్టు పెరగలేదు, తేమ పోయి కట్టె కుంచించుకుంది. ఫింగర్‌బోర్డు మీద టేపు అంటించి, సన్న ఆకురాయితో కొసలు గుండ్రం చేయండి. నెక్ వంపును మేలో ఒకసారి, వానలు నిలదొక్కుకున్నాక ఒకసారి కొలవండి. ఏ వైపు కదులుతుందో ఊహించవద్దు, గిటారు గిటారుకూ మారుతుంది.

ప్రశ్న: సార్, మా చర్చిల బేస్ వాయించుకుంట మైక్ల పాడితె పెదవులకు చుర్రుమని కొడుతున్నది. తీగెలు ఇడిస్తె ఏం లేదు. గిటార్ల లోపమా?
జడ్చర్ల

గిటారులో కాదు తమ్మీ, కరెంటులో. ఇది సరయ్యేదాకా ఆ మైకు ముందు వాయించకండి.

గిటారు తీగలు బ్రిడ్జ్ కింది వైరు ద్వారా, కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ ఒంటికి కలిసి ఉంటాయి. మైకు ఇనుప జాలీ మిక్సర్ ఒంటికి కలిసి ఉంటుంది. రెండూ ఒకే ఎర్త్‌కు చేరితే వాటి మధ్య వోల్టేజీ ఉండదు. ఒకదాని ఎర్త్ తెగినా, రెండూ వేర్వేరు బోర్డుల్లో ఉండి ఒక బోర్డుకు ఎర్తే లేకపోయినా, మీ చేయి ఒక చివర, పెదవి ఇంకో చివర అవుతాయి. కొంచెం లీకేజీ అయితే చుర్రుమంటుంది. లోపల ఇన్సులేషన్ పోయి ఫేజ్ ఒంటికి తగిలితే ప్రాణం తీస్తుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మల్టీమీటరుతో సాకెట్‌లో మూడు కొలతలు చూపించమనండి. ఫేజ్–న్యూట్రల్ మధ్య 230 వోల్టుల చుట్టూ, ఫేజ్–ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్త్ మధ్య కొద్ది వోల్టులే రావాలి. మీటరు చూపిన ఎర్త్ బలంగా ఉందో లేదో తేలాలంటే లోడు పెట్టి చూడాలి, అది కూడా ఆయన పనే. మన ఎర్ర నేలల్లో ఎర్త్ గుంత ఏప్రిల్ నాటికి ఎండిపోతుంది, ఎండిన మట్టి కరెంటును గుంజుకోదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంత అయితే పైపులో రెండు మూడు రోజులకోసారి బకెట్ నీళ్ళు పొయ్యండి. మైకు మిక్సరు, బేస్ యాంపు, కీబోర్డు అన్నింటికీ ఒకే బోర్డు నుంచి మూడు పిన్నుల తీగ వేయండి. బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించండి.

చేయకూడనివి రెండు. హమ్ (గుయ్‌మనే శబ్దం) పోతుందని ఎర్త్ పిన్ విరగ్గొట్టడం ఒకటి. ఎర్త్ లేదు కదా అని సాకెట్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌కు ముడెయ్యడం ఇంకొకటి. ఎక్కడన్నా న్యూట్రల్ తెగిన రోజు యాంపు ఒళ్ళంతా, దాంతోపాటు మీ తీగలన్నీ ఫేజే అవుతాయి.

ప్రశ్న: జాజ్ మోడల్ బేస్. వాయించనప్పుడు గుయ్‌మంటుంది. పికప్‌లు మార్చాలా?
కోదాడ

ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టకండి. తీగల మీద చెయ్యి వేసి చూడండి. శబ్దం తగ్గితే లోపల కవచం లేదు. పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు అటుదిటు అయ్యాయి. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జ్ కింది వైరు ఊడింది. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా పెడితే పోయి, ఒకటి తగ్గించగానే వస్తుంటే అది సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్ స్వభావం, లోపం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెద్ద యాంపుకు రెండు గజాలు జరిగి నిలబడండి.

కవచం వేయడానికి జిగురు కూడా కరెంటు పారించే రాగి టేపు కొనండి. కంట్రోళ్ళ గుంత, పికప్ గుంతలు పూర్తిగా పరచి, ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కేచోట చిన్న సోల్డర్ చుక్క పెట్టండి. ఒక వైరుతో పాట్ వీపుకు కలపండి. జాక్ బయటి భాగానికీ టేపుకూ మధ్య మీటరు దాదాపు సున్నా ఓములు చూపాలి. జాక్ మొన తగిలే రేకు టేపును ముట్టిందా, శబ్దమే రాదు. బిగించేముందు అక్కడ ఇన్సులేషన్ టేపు వేయండి.

విప్పారు కాబట్టి పాట్‌లు కూడా మార్చండి. 250 కిలో ఓములు, ‘ఏ’ రకం మూడు, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. దాని మీద 473 అని ఉంటుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఎక్కువగా ‘బి’ రకం చేతిలో పెడతారు, అది వేస్తే నాబ్ తిప్పినంతసేపు పెద్దగా మార్పుండదు, చివర్లో ఒక్కసారి పడిపోతుంది. పాట్ వీపు మీద వైరు అతకాలంటే ముందు గరుకు కాగితంతో గీకండి. 25 వాట్ల ఐరన్‌తో అక్కడ సోల్డర్ కరగదని పావుగంట పట్టుకు కూర్చుంటే పాట్ లోపలే కాలిపోతుంది. 40, 50 వాట్లది తెచ్చి మూడు సెకన్లలో ముగించండి.

అప్పటికీ పికప్‌లు మార్చాలనిపిస్తే కొలిచి కొనండి. ఫెండర్ లెక్కలో జాజ్ నెక్ పికప్ 92, బ్రిడ్జ్‌ది 95 మి.మీ. పొడవు. చవక గిటార్లలో రెండూ ఒకే కొలత ఉండొచ్చు.

ప్రశ్న: ఇంట్లో ఉన్న గిటార్ యాంపులో బేస్ పెట్టొచ్చా? నేరుగా మిక్సరులోకి ఇస్తే?
వనపర్తి

ఇంట్లో మెల్లగా అయితే పెట్టొచ్చు. సౌండ్ పెంచితే ఆ స్పీకరు కాగితం హద్దు దాటి ఊగి చిరుగుతుంది. గదిలో సాధనకు 15–25 వాట్ల బేస్ యాంపు చాలు. డ్రమ్స్ పక్కన వాయించాలంటే వంద వాట్లు దాటాలి. అంత పెట్టే బదులు ఒక డీఐ బాక్సు (బేస్ సిగ్నల్‌ను మిక్సరుకు తగ్గట్టు మార్చే పెట్టె) కొని మిక్సరుకు ఇవ్వండి. ప్యాసివ్ బేస్‌ను నేరుగా లైన్ పోర్టుకు గుచ్చితే పల్చగా, మొద్దుగా వస్తుంది. పికప్‌కు ఎదురుగా పది లక్షల ఓముల దాకా అడ్డు కావాలి, ఆ పోర్టులో ఉండేది పది ఇరవై వేలు మాత్రమే. డీఐ యాక్టివ్ రకం తీసుకోండి, మిక్సరులో 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ ద్వారానే వెళ్ళే కరెంటు) బటన్ నొక్కితే పనిచేస్తుంది. కేబుల్ రెండు కొసలా పి-38 జాక్ (గిటారుకు గుచ్చే లావు పిన్ను) ఉన్నంత మాత్రాన చాలదు. స్పీకరు వైరుకు అల్లిక కవచం ఉండదు, అది గిటారుకు పనికిరాదు.

ప్రశ్న: పెడల్‌కు ఇంట్లోని సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ వాడొచ్చా? పిన్ సరిపోయింది.
నారాయణపేట

వద్దు. పెడళ్ళకు (కాలితో నొక్కి శబ్దం మార్చే పెట్టెలు) సాధారణంగా 9 వోల్టులు, లోపలి పిన్ నెగటివ్. ఆ అడాప్టర్ ఎక్కువగా 12 వోల్టులు, లోపలి పిన్ పాజిటివ్. సరిపోయిన పిన్నే పెడల్‌ను కాల్చేస్తుంది.

ప్రశ్న: తీగలు ఎన్నాళ్ళకు మార్చాలి? ఉడకబెడితే కొత్తవవుతాయట. జానపదాలకు ఎలాంటివి బాగుంటాయి?
నాగర్‌కర్నూల్

ఉడకబెడితే చుట్ల మధ్య మురికి వదిలి రెండు మూడు వారాలు మెరుపు వస్తుంది, అంతే. మన బోరు నీళ్ళతో మాత్రం చేయకండి, సున్నం పేరుకుంటుంది. క్యాన్ నీళ్ళు వాడి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. అసలు వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడిస్తే ఈ అవసరమే ఆలస్యంగా వస్తుంది. కొత్త తీగను కోసేటప్పుడు ముందు వంచి, వంపుకు అవతల కోయండి. తిన్నగా ఉన్నప్పుడే కోస్తే చుట్టు వదులై స్వరం చచ్చిపోతుంది.

డప్పు పక్కన వాయించే జానపదానికి ఫ్లాట్‌వౌండ్ (పైన చదును రేకు చుట్టిన) తీగలు బాగుంటాయి. ఖరీదెక్కువే కాని, మెరుపు అక్కర్లేని తీగలు కాబట్టి ఏళ్ళ తరబడి ఉంటాయి. బిగువు మారుతుంది కాబట్టి వేశాక నెక్ వంపు మళ్ళీ కొలవాలి. అవి కొనేలోపు గిన్నెలు తోమే స్పాంజి కొత్తది తీసుకుని, వేలు మందాన కోసి బ్రిడ్జ్ ముందు తీగల కింద దూర్చండి. ‘దుమ్’ అని పడి వెంటనే ఆగుతుంది. స్పాంజి తీగను తాకితే చాలు, పైకి ఎత్తితే శ్రుతి పెరుగుతుంది.