ఓక్లాండ్‌లో పిల్లలకి ఎబోనిక్స్ (అమెరికా నల్లజాతివాళ్లు మాట్లాడే తీరు ఇంగ్లిష్) నేర్పడానికి గవర్నమెంట్ డబ్బులు అడిగారట, నిజమేనా?

సగమే నిజం అండి. 1996 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ స్కూల్ బోర్డు ఒక తీర్మానం చేసింది, నల్లజాతి పిల్లలు ఇంట్లో మాట్లాడేది తప్పుల ఇంగ్లిష్ కాదు, దానికో వ్యాకరణం ఉంది, దాన్ని మెట్టుగా వాడి స్టాండర్డ్ ఇంగ్లిష్ నేర్పుదాం అని. పిల్లలకి ఎబోనిక్స్ నేర్పుతారంట అని టీవీలో జోకులు మొదలయ్యాయి గానీ వాళ్లకి అది ముందే వచ్చు కదా, కొత్తగా నేర్పేదేముంది! ఉదాహరణకి 'హి బి వర్కింగ్' అంటే ఇప్పుడు పని చేస్తున్నాడని కాదు, మామూలుగా పనికెళ్తుంటాడని, ఈ తేడా టీచర్‌కి తెలియకపోతే పిల్లాడికి తప్పు ఎక్కడో ఎలా చెప్తారు?

ఇక డబ్బుల సంగతి. ఫెడరల్ బైలింగ్వల్ ఫండ్స్, అంటే రెండు భాషల్లో చదువు చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బులు, అప్పట్లో ఇంగ్లిష్ సరిగా రాని పిల్లల కోసం ఉండేవి, అందుకే ఎబోనిక్స్ వేరే భాష అని తీర్మానంలో రాసుకున్నారు, నాకైతే అక్కడే దెబ్బతిన్నారనిపిస్తుంది. అప్పటి అమెరికా విద్యాశాఖ సెక్రటరీ రిచర్డ్ రైలీ అది ఇంగ్లిష్ మాండలికమే, ఆ ఫండ్స్ వర్తించవు అనేశారు. 1997 జనవరిలో అమెరికా భాషాశాస్త్రవేత్తల సంఘం మాత్రం బోర్డునే సమర్థించింది, అదే నెలలో బోర్డు తీర్మానంలో మాటలు మార్చుకుంది. మన దగ్గర యాస మాట్లాడితే క్లాసులో నవ్వులపాలైనవాళ్లకి ఈ గొడవ ఇట్టే అర్థమవుతుంది.