సమాధానం: వెంటిలేటర్ వద్దంటే చంపినట్టు కాదండీ

క్యాన్సర్ చివరి దశలో ఉన్న నాన్నగారు వెంటిలేటర్ వద్దంటుంటే, అన్నయ్య అది చంపినట్టే అంటున్నారని రాశారు. కాదండీ. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం మన దేశంలో నేరమే. కానీ కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలు పెట్టకపోవడాన్ని, ఆపడాన్ని 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

నాన్నగారు స్పృహలో ఉండగానే లివింగ్ విల్, అంటే కోలుకునే ఆశ లేనప్పుడు ఏ చికిత్స వద్దో ముందే చెప్పే పత్రం, రాయించండి. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మెజిస్ట్రేట్ సంతకం బాధ 2023లో తప్పింది. తన తరఫున నిర్ణయం చెప్పేవాళ్లలో అన్నయ్య పేరు కూడా పెట్టించండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. ఆ సమయం వస్తే ఆస్పత్రిలో రెండు వైద్య బోర్డులు పరిశీలిస్తాయి, భారమంతా మీ నెత్తిన పడదు.

నొప్పికి మార్ఫిన్ సంగతి మాత్రం పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టర్‌ని ఇప్పుడే అడగండి. లివింగ్ విల్ కాపీ ఒకటి కేస్ ఫైల్లో పెట్టించండి.