ముందు బో కొనుక్కో, వయొలిన్ సంగతి తర్వాత

చిరంజీవి బంగారానికి, మేనత్త ఆశీస్సులు.

నెదర్లాండ్స్‌లోని ది హేగ్ రాయల్ కన్సర్వేటరీలో బరోక్ వయొలిన్‌కి, అంటే సుమారు మూడొందల ఏళ్ల కిందటి యూరప్ సంగీతాన్ని నాటి పద్ధతిలో వాయించడానికి, సీటు వచ్చిందని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషం వేసింది. అప్పు చేసైనా పాత వయొలిన్ కొంటానన్నావట. తొందరపడకు తల్లీ. నీ వయొలిన్‌కే గట్ తీగలు (జంతువుల పేగుతో చేసినవి) కట్టించి, గడ్డం ఆనించే చిన్ రెస్ట్ తీసేసి మొదలుపెట్టొచ్చు. ముందు మంచి బరోక్ బో, అదే వాయించే కమాను, కొనుక్కో.

ఇప్పుడు నువ్వు వాడుతున్నది 1780ల్లో పారిస్‌లో బోలు చేసే తూర్త్ చేతిలో రూపు దిద్దుకున్న బో. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా స్వరాన్ని ఒకే బలంతో నిలబెడుతుంది. అంతకు ముందరి బో తేలిక, కొన దగ్గర బలం తగ్గుతుంది. అందుకే స్వరం దానంతటదే నిండి, వాలిపోతుంది. ప్రతి స్వరం మొదట్లో వినీ వినబడనంత మెత్తదనం ఉండాలని మోట్సార్ట్ తండ్రి లియోపోల్డ్ మోట్సార్ట్ తన వయొలిన్ పాఠపుస్తకంలో 1756లో రాశాడు. చదివితే పట్టుబడే విషయం కాదది. ఆ బోతో వేళ్లు పెట్టకుండా ఉత్త తీగ మీద రోజూ నెమ్మదిగా లాగు, చెయ్యే నేర్చుకుంటుంది.

గట్ తీగలు తేమ మారితే శృతి జారతాయి, కచేరీ మధ్యలో తెగుతాయి కూడా. టెన్షన్ పడకు, పెట్టెలో అదనంగా ఉంచుకో. శృతి మామూలుగా ‘ఎ’ స్వరానికి 415 హెర్ట్జ్, ఆ కాలపు ఫ్రెంచ్ సంగీతానికి 392 అడుగుతారు.

గడ్డం ఆనించకుండా పట్టుకునే పద్ధతిని 1969లో బెల్జియం వయొలినిస్ట్ సిగిస్వాల్డ్ కుయ్‌కెన్ మళ్లీ మొదలుపెట్టాడు. నేర్చుకో, ఎడమ చెయ్యి కిందికి దిగడం ఎంత కష్టమో తెలుస్తుంది. కానీ మెడ నొప్పి పుడితే ఆపెయ్, ఎవరేమన్నా సరే.

అన్నిటికంటే ముఖ్యం బేస్ లైన్, అంటే వయొలిన్ కింద నడిచే మంద్ర స్వరాల వరస. ఇటలీ స్వరకర్త కొరెల్లి 1700లో అచ్చు వేయించిన వయొలిన్ సొనాటాల్లో (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచనల్లో) నెమ్మది భాగాలు చూస్తే ఉత్త అస్థిపంజరంలా ఉంటాయి. 1710లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చిన ముద్రణలో అవే భాగాలు అలంకారాలతో ఉన్నాయి, కొరెల్లి ఇలాగే వాయించేవాడంటూ. వాటిని బట్టీ పట్టొద్దు. ముందు కింది బేస్ పాడు, పైది వాయించు. అలంకారం ఎక్కడ పెట్టాలో ఆ బేసే చెబుతుంది. కృతిని నొటేషన్‌లో చూసి పెరిగినదానివి, కాగితం మీద సగమే ఉంటుందని నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ధైర్యం వాడుకో, గమకాలు మాత్రం అక్కడికి తీసుకెళ్లకు.

ఇక బతుకుదెరువు. నెలజీతం ఉద్యోగాలు దాదాపు లేవు, బృందాలు ప్రాజెక్టు లెక్కన పిలుస్తాయి. సోలోలు బాగా వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు. పక్కవాళ్ల బో చూసి కలిసిపోయే రెండో వయొలిన్‌నే మళ్లీ మళ్లీ పిలుస్తారు, నేను చూస్తూనే ఉన్నాను. డిగ్రీ అయ్యాక పని వెతుక్కోవడానికి అక్కడ ఏడాది పర్మిట్ ఇస్తారు. దానికి దరఖాస్తు ఆలస్యం చేయకు.

ఈస్టర్ ముందు వారాల్లో నెదర్లాండ్స్ అంతటా బాఖ్ మత్తయి ప్యాషన్ (మత్తయి సువార్తలోని క్రీస్తు శ్రమల కథకు కట్టిన సంగీతం) వాయిస్తారు. మాకందరికీ అదే పెద్ద సీజన్. అందులో ఆర్కెస్ట్రాలు రెండు, ఒక్కోదానికి ఒక్కో వయొలిన్ సోలో ఉంది. రెండూ ఇప్పుడే సిద్ధం చేసుకో. బేస్ వాయించేవాళ్లు దొరక్కపోతే ఆదివారం మా ఇంటికి రా, హార్ప్సికార్డ్ (పియానోకి ముందు కాలపు మెట్ల వాద్యం) దగ్గర నేను కూర్చుంటాను.

మీ అత్తయ్య