రాయికీ ఇసుకకీ రక్షణ ఎవరిది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: విజయనగరం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. ఈ మధ్య ఎనిమిదో తరగతి పిల్లలను భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళ్ళాను. వాళ్ళు అంచుల మీది నుంచి జారి ఆడుకున్నారు, సీసాల్లో మట్టి నింపుకున్నారు. వద్దన్నాను గానీ, ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. ఇంత మట్టిలో ఒక్క సీసా తీసుకుంటే ఏమవుతుందని ఒక పిల్లవాడు అడిగాడు. ఏం చెప్పాలి?

జవాబు: ఆ పిల్లవాడు అడగవలసిందే అడిగాడు. ముందుగా ఆ మట్టి ఏమిటో చెప్పండి, వద్దన్న మాటకు కారణం అందులోనే దొరుకుతుంది. అవి కొండలు కావు, ఇంకా రాయిగా గట్టిపడని ఇసుక. గత హిమయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా దిగువకు పోయినప్పుడు బయటపడిన తీరపు ఇసుకను గాలి లోపలికి తెచ్చి పోగుచేసిందనీ, తూర్పు కనుమల రాళ్ళు అరిగి గెడ్డల వెంట వచ్చిన ఇసుక కూడా అందులో కలిసిందనీ, ఆ ఇసుకలోని ఇనుము కలిగిన ఖనిజాలు వేల ఏళ్ళ పాటు తడికీ ఎండకీ తుప్పుపట్టి గింజగింజకూ ఎర్రని పూత పూశాయనీ శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. సముద్రం వెనక్కి తగ్గడం, మళ్ళీ ముందుకు రావడం అనే చరిత్ర ఇంత స్పష్టంగా కంటికి కనిపించే చోట్లు తక్కువ. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. మన దిబ్బలలో ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా దొరికాయి.

ఆ నిట్టనిలువు గోడలను నిలబెడుతున్నది గింజల మధ్యనున్న కాస్త బంకమన్ను, కాస్త ఇనుపపూత మాత్రమే. పిల్లలు జారిన చోట ఆ పట్టు విడిపోయి ఒక చార పడుతుంది, తరువాతి వాన ఆ చారను పట్టుకునే కిందికి దిగుతుంది, కొన్ని వానలకు అది వాగు అవుతుంది. వాన కోత అక్కడ సహజమే, ఆ లోయలను చెక్కింది కూడా వానే. కానీ వాన తన దారిన కోయడం వేరు, మన కాలు దానికి దారి చూపడం వేరు. ఒక్క సీసాతో దిబ్బ తరిగిపోదన్నది నిజమే. అయితే సెలవురోజున వచ్చే ప్రతి పిల్లవాడూ అదే మాట అనుకుంటాడని మీ విద్యార్థికి చెప్పి, లెక్క అతడినే వేయమనండి.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక భూతద్దం తీసుకువెళ్ళండి. కాలిబాట మీద రాలిన ఇసుకను చిటికెడు అరచేతిలో వేసుకుని చూస్తే, ఎర్రని గింజల మధ్య నల్లగా మెరిసే గింజలు కొన్ని కనిపిస్తాయి. ఆ చిటికెడు మీద నీళ్ళు పోస్తే కొంత ఎరుపు నీటిలోకి దిగుతుంది, మిగిలినది గింజను వదలదు. చూడడం అయిపోయాక ఆ ఇసుకను పిల్లల చేతనే అక్కడే పోయించండి. సీసాలో ఇంటికి వెళ్ళిన మట్టి నెల తిరక్కుండా పెరట్లో కలిసిపోతుంది, అరచేతిలో చూసినది మాత్రం పిల్లలకు గుర్తుంటుంది. ఈ దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిందనీ, 2025లో తిరుమల కొండలతో పాటు ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయనీ కూడా చెప్పండి.

ప్రశ్న: తిరుమల ఘాట్ రోడ్డులో భూగర్భ శాస్త్రానికి సంబంధించిన ఒక బోర్డు చూశాను. అక్కడ మామూలు రాళ్ళే కనిపించాయి. వాటి గొప్పతనం ఏమిటి?

జవాబు: మీరు చూసినవి రెండు వేర్వేరు కాలాల రాళ్ళు. కింద ఉన్నది గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా కూర్చున్నది నగరి క్వార్ట్‌జైటు. ఈ రెండూ కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల సంవత్సరాల చరిత్ర లేదు. కింది రాయి ఏర్పడి, పైకి తేలి, గాలికీ వానకూ అరిగిపోతూ ఉన్నంత కాలం దాని మీద నిలిచిన పొర ఏదీ లేదు. ఆ తరువాత నీరు వచ్చి, ఇసుక పేరుకుని, అది గట్టిపడి పై రాయి అయింది. పునాది వేసి వదిలేసిన ఇంటికి తరాలు గడిచాక ఎవరో వచ్చి గోడ లేపినట్టు అన్నమాట. ఆ గీతను ఒక అరచేత్తో కప్పవచ్చు. కొండపైన శ్రీవారి ఆలయానికి సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటులోనే, బలహీనమైన భాగాలు అరిగిపోగా మిగిలిన కమాను. ఆ గీత, ఈ తోరణం రెండూ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలే. ఘాట్ రోడ్డులో మాత్రం వాహనం ఆపకూడని చోట ఆపవద్దు.

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక పల్లె. ఊరి గుట్ట మీది పెద్ద బండలను క్వారీకి ఇస్తారని వింటున్నాం. గుడికి, కోటకు ఉన్న రక్షణ బండకు ఉండదా?

జవాబు: 1958 నాటి పురాతన కట్టడాల చట్టం మనిషి కట్టిన వాటికీ, మలచిన వాటికీ వర్తించేలా రాసినది. మీ గుట్ట మీద పాత శాసనమో రాతి బొమ్మలో ఉంటే దాని సాయం అడగవచ్చు, ఒట్టి బండకు అది ఆసరా కాదు. కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ ప్రదేశాల సంరక్షణ కోసం ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. అయితే మీ ఊరి పని ఢిల్లీ కోసం ఆగనవసరం లేదు. హైదరాబాదులో 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు బండలు క్రషర్ల పాలవుతుంటే, 1996లో కొందరు పౌరులు వాటి కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. వారు పట్టు వదలకుండా ఆ బండల మధ్య జనాన్ని నడిపించారు, అధికారులకు రాశారు. కొన్ని బండల సముదాయాలు నగర వారసత్వ జాబితాకెక్కాయి.

ప్రతి బండనూ కాపాడాలని నేను అనను. ఇంటికీ రోడ్డుకూ రాయి కావాలి. మీ గుట్టలో దేన్ని వదులుకోలేరో ముందు మీరే తేల్చుకోండి. పేరున్న బండ, దోనె (బండ మీద నీళ్ళు నిలిచే గుంట), రాతి బొమ్మలున్న సొరిక (గుహ), వీటి ఫొటోలు తేదీతో సహా తీసి, పెద్దవాళ్ళు చెప్పే పేర్లూ కథలూ రాసిపెట్టండి. గ్రామసభలో తీర్మానం చేయించి, దాని ప్రతిని కలెక్టరుకూ, గనుల శాఖకూ, హైదరాబాదులోని భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కార్యాలయానికీ పంపండి. క్వారీపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే ఆ కాగితాలు చేతిలో పట్టుకుని వెళ్ళి మాట్లాడండి, మాట్లాడినది నమోదయిందో లేదో అక్కడే చూసుకోండి.