కాగజ్‌నగర్ మిల్లును నమ్ముకుని పిల్లల్ని చదివించవచ్చా?

ప్రశ్న: మాది కాగజ్‌నగర్. 2014లో పేపర్ మిల్లు మూతపడినప్పుడు నా కాంట్రాక్టు పని పోయింది. మంచిర్యాలలో కూలి పని చేసి ఇల్లు నెట్టుకొచ్చాను. ఇప్పుడు అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది, అబ్బాయి పదో తరగతి. అమ్మాయి కెమికల్ ఇంజినీరింగ్ చదివి ఇక్కడి మిల్లులోనే చేరతానంటోంది. నాకు ధైర్యం చాలడం లేదు. అడవి, కలప, కాగితం మీద ఆధారపడితే మా జిల్లాలో పిల్లలకు దారి ఉంటుందా? అందరిలాగా కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటారా?

జవాబు: మీ భయం ఉత్తది కాదు. నిజాం కాలంలో 1938లో పుట్టి, ఊరికి పేరే ఇచ్చిన మిల్లు 2014లో ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాకే మళ్లీ కదిలింది. అదే 2014లో మూతపడిన, రేయాన్ దారానికి కావాల్సిన కలప గుజ్జు తయారుచేసే ములుగు జిల్లా కమలాపురం ఫ్యాక్టరీకి ఆ అదృష్టం పట్టలేదు. కాబట్టి ‘ఈ మిల్లులోనే ఉద్యోగం’ అనే ఆలోచనను మీరు అనుమానించడం సబబే. అయితే ఆ అనుమానాన్ని కెమికల్ ఇంజినీరింగ్ మీదకు తోయకండి. రెండూ వేరు.

మిల్లులో మీరు పనిచేశారు కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు గానీ, అమ్మాయి కోసం రాస్తున్నాను. గేటు బయటి నుంచి చూసేవాళ్లకు కలప గుట్టలు, వాసన, పొగ గొట్టం కనిపిస్తాయి. లోపల జరిగేది అసలు కెమిస్ట్రీ. చెక్కను ముక్కలు చేసి డైజెస్టర్ అనే పెద్ద మూత పాత్రలో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌తో ఉడికిస్తారు. నార మిగులుతుంది, దాన్ని పట్టి ఉంచిన లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవంలోకి పోతుంది. ఆ ద్రవాన్ని పారబోయరు. చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో మండిస్తే ఆవిరి వస్తుంది, ఆ ఆవిరితో కరెంటు వస్తుంది, అడుగున మిగిలిన రసాయనాలను శుద్ధి చేసి మళ్లీ డైజెస్టర్‌కు పంపుతారు. ఈ చక్రం సరిగ్గా తిరగకపోతే మిల్లుకు లాభం ఉండదు. దాన్ని తిప్పగలిగిన మనిషికి సారపాకలోని ఐటీసీ బోర్డు మిల్లు ఉంది, రాజమండ్రి పేపర్ మిల్లు ఉంది. అవీ వద్దనుకుంటే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ, దేవాపూర్ సిమెంటు, జైపూర్‌లో సింగరేణి థర్మల్ కేంద్రం ఉన్నాయి. బాయిలర్, పంపు, వాల్వు, కంట్రోల్ రూమ్ ఎక్కడైనా ఒకే భాష మాట్లాడతాయి. ఒక మిల్లు మూతపడితే ఆ అమ్మాయి బస్సెక్కి ఇంకో ఊరు వెళ్తుంది, అంతే. మీకు 2014లో అలాంటి దారి లేదు. తేడా అక్కడే ఉంది.

అందుకే డిగ్రీ స్థాయిలోనే కాగితం స్పెషలైజేషన్ వెతకవద్దు. ముందు కెమికల్ లాంటి విశాలమైన బ్రాంచ్, తర్వాత ఇష్టముంటే ఇరుకు దారి. ఐఐటీ రూర్కీకి సహరన్‌పూర్‌లో ఒక క్యాంపస్ ఉంది. కాగితం, ప్యాకేజింగ్ చదువులకు అది పాత పేరు, ఎంటెక్‌కు గేట్ స్కోరు కావాలి. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు రాకపోతే ఎక్కడో పేరు తెలియని కాలేజీలో లక్షలు పోసి బీటెక్ చేయించేకంటే బీఎస్సీ కెమిస్ట్రీ నయం. క్వాలిటీ ల్యాబులో మొదలుపెట్టి, డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో సెల్యులోజ్, కాగితం మీద ఎమ్మెస్సీ చేయవచ్చు. ఈ మాట చెబితే చాలామంది తల్లిదండ్రులు ముఖం చిట్లిస్తారు, బీఎస్సీ అంటే చులకన. ల్యాబులో చేతులు తిరిగినవాళ్లకు మిల్లులు ఇచ్చే గౌరవం వాళ్లకు తెలియదు.

కంప్యూటర్ సైన్స్ విషయం. అమ్మాయికి కోడింగ్ ఇష్టమైతే చేర్పించండి. ‘అందరూ చేరుతున్నారు’ అన్నదే కారణమైతే వద్దు. ఇష్టంగా అడిగిన బ్రాంచ్‌ను కాదని ఇష్టంలేనిది రుద్దితే బ్యాక్‌లాగులు ఇంటికొస్తాయి. ఇంకో సంగతి కూడా ముందే మాట్లాడుకోండి: ప్రాసెస్ ప్లాంటు అంటే షిఫ్టులు ఉంటాయి, రాత్రి షిఫ్టు కూడా వచ్చే అవకాశం ఉంది. ల్యాబు, డిజైన్, పర్యావరణ విభాగాల్లో ఆ బెడద తక్కువ. ఆమెకు ఏది కుదురుతుందో ఆమెనే అడగండి.

అబ్బాయి సంగతికొస్తే, పది అయ్యాక పాలిసెట్ రాయించండి. మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఏదైనా మంచిదే. డిప్లొమా తర్వాత అప్రెంటిస్‌గా చేరి, అనుభవం సంపాదించి బాయిలర్ల శాఖ పరీక్ష పాసైతే ఆ సర్టిఫికెట్ జీవితాంతం పనికొస్తుంది. అర్హత లేని మనిషికి బాయిలర్ అప్పగించడం చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఆ కాగితం ఉన్నవాడికి గిరాకీ తగ్గదు. వాడికి చెట్లూ చేమలూ ఇష్టమైతే మాత్రం బైపీసీ తీసుకుని ఫారెస్ట్రీ బీఎస్సీ చదవవచ్చు. ఆ కాలేజీ ములుగులో ఉంది. మేడారం దగ్గరి ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. ఏటా ఎవరో ఒకరు వేరే బస్సెక్కుతుంటారు.

ఇక మీ అసలు ప్రశ్న: అడవి మీద ఆధారపడవచ్చా? మిల్లులకు ఇప్పుడు కలప ఎక్కువగా పొలాల నుంచే వస్తోంది. పరిశ్రమలు తమ కలపను రైతులతో కలిసి పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానమే చెప్పింది. జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగింది అందుకే. మంచి చెట్టు కొమ్మ నుంచి అచ్చం దానిలాగే పెంచే భద్రాచలం క్లోన్ మొక్కలకు అంత పేరు రావడమూ అందుకే. అంటే చెట్టు పెంచడం, మొక్క తయారుచేయడం, కలప కొనడం కూడా ఉద్యోగాలే. పిల్లలు ఆ వైపు చూడరు.

ఒక్కసారి అబ్బాయిని తీసుకెళ్లి కలప కాటా దగ్గర ఒక పూట నిలబెట్టండి. కొట్టిన కర్రలో దాదాపు సగం బరువు నీళ్లే. బెరడు తీశాక ఎండకు అది గంట గంటకూ తగ్గుతుంది. లారీ ఒక రోజు క్యూలో ఆగితే ఆ తగ్గిన బరువు రైతు జేబులోంచే పోతుంది. డ్రైవరు తిండికి, లారీ వెయిటింగ్‌కు డబ్బు వేరే. కోత తేదీ, లారీ, మిల్లులోకి లారీని వదిలే టోకెన్ ఈ మూడింటినీ కలిపి చూసుకునే తెలివైన కుర్రాడు ఊళ్లో ఒక్కడు ఉంటే పది మంది రైతులు బాగుపడతారు, వాడికీ కమీషన్ వస్తుంది. క్లోన్ నర్సరీ పెట్టడం కూడా మంచి ఆలోచనే. కానీ తోట కోతకు రావడానికి నాలుగేళ్లు పడుతుంది, అప్పటి ధర ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అప్పు చేసి దిగవద్దు. ఏజెన్సీ గ్రామంలో భూమి కొనాలనుకుంటే, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం తెలుసుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి.

బీడీలు చుట్టే తునికాకు, ఇప్పపువ్వు సంగతి రెండు మాటల్లో. తునికాకు పని ఎండాకాలంలో కొన్ని వారాలే, అదనపు ఆదాయం వరకే లెక్కపెట్టుకోవాలి. ఇప్పపువ్వును లడ్డూలుగా మార్చి అమ్ముతున్న ఉట్నూరు వైపు మహిళా సంఘాలకు మాత్రం ప్యాకింగ్, లెక్కలు, ఫుడ్ లైసెన్సు చూసే చదువుకున్న పిల్లలు కావాలి. జీతం చిన్నదే అయినా నేర్చుకునేది పెద్దది.

చివరగా మీ అనుభవం నుంచే ఒకటి. పిల్లలు రేపు ఏ మిల్లులో చేరినా, అపాయింట్‌మెంట్ లెటర్ కంపెనీ పేరు మీద వచ్చిందా, కాంట్రాక్టరు పేరు మీద వచ్చిందా చూడండి. కాంట్రాక్టరు అయితే మొదటి నెల నుంచే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా గుర్తింపు) నంబరు తీసుకుని, పీఎఫ్ జమ అవుతోందో లేదో ఫోన్‌లో నెలనెలా చూసుకోమనండి. జమ కాకపోతే పర్మనెంట్ చేస్తారన్న ఆశతో ఏళ్లు గడపకుండా, అప్పుడే ఇంకో చోట దరఖాస్తు పెట్టమనండి.