విదేశాంగ చర్చలు తలుపులు మూసుకుని జరిగితే తప్పా?

ప్రజల పేరుతో జరిగే చర్చలు ప్రజలకు కనబడకుండా ఎందుకు జరగాలని అడిగారు. కొన్నేళ్లు వాణిజ్య చర్చల్లో దుబాసీగా కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

కెమెరాలున్నంతసేపు రెండు పక్షాలూ కాగితం చూసి చదివేవి. ఆ ప్రతి నాకు ముందే ఇచ్చేవారు కాబట్టి పని తేలిక. ఒకసారి ఫొటోలవాళ్లు వెళ్లి తలుపు పడగానే, ఒక పెద్దాయన తన కాగితం బోర్లా పెట్టి, "ఇంతకీ మీరు దేనికి ఒప్పుకోగలరు?" అన్నారు. అసలు చర్చ అప్పుడు మొదలైంది. మరోచోట లోపలి మాట ఒకటి పత్రికకెక్కింది. ఆ తర్వాత ఎవరూ కాగితం బోర్లా పెట్టలేదు. వారమంతా చదివిందే చదివారు.

అందుకని మాటలు గుట్టుగా సాగితే నాకు అభ్యంతరం లేదు. కుదిరిన ఒప్పందాన్ని దాచడం వేరే సంగతి. ఒప్పందాలన్నీ బాహాటంగానే కుదరాలని 1918లో తన 14 సూత్రాల్లో మొదటిదిగా చెప్పిన నాటి అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్, మరుసటి ఏడాది పారిస్‌లో మరో ముగ్గురు నేతలతో గది తలుపులు వేసుకునే మాట్లాడారు. అయినా మొదటి ప్రపంచ యుద్ధానికి ముగింపుగా చివరికి తేలిన వెర్సాయ్ ఒప్పందాన్ని లోకమంతా చదివింది, అమెరికా సెనేట్ తిరగ్గొట్టింది కూడా. ఇప్పుడు ఐరాస చార్టర్ 102వ అధికరణం ప్రకారం, నమోదు చేయని ఒప్పందాన్ని చూపించి ఐరాస వేదికల మీద వాదించే వీల్లేదు.

నాకు ఎటూ తేలనిది 1962 నాటి క్యూబా వ్యవహారం. అక్కడ పెట్టిన సోవియట్ అణు క్షిపణులు వెనక్కి వెళితే క్యూబాపై దాడి చేయబోమని అమెరికా బయటికే చెప్పింది. టర్కీలోని తన జూపిటర్ క్షిపణులు తీసేస్తామన్న మాట మాత్రం అధ్యక్షుడు కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్ చెవిన వేశారు, ఎక్కడా పొక్కకూడదన్న షరతుతో. అంత టెన్షన్‌లో ఆ గుట్టు అవసరమే అనుకుంటాను. కానీ అమెరికా గట్టిగా నిలబడితే సోవియట్ నేతలు తోకముడిచారన్న కథే జనంలో పాతుకుపోయింది. రాబర్ట్ కెన్నెడీ డైరీలో టర్కీ క్షిపణుల సంగతి బేరంలో భాగమనే ఉందని, పుస్తకంగా వేసేటప్పుడు ఆ ముక్క తానే తీసేశానని అధ్యక్షుడి సలహాదారుగా ఉన్న సోరెన్సన్ ఒప్పుకున్నది 1989లో. టర్కీ నుంచి ఆ క్షిపణులేమో 1963 ఏప్రిల్‌కల్లా వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఇంకా ఎవరి కోసం దాచినట్టు?