‘వచ్చిందంట’ అనే మాట నీ నోట రానీయకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొత్తగా సర్పంచ్‌వయ్యాక మొన్న ఫోన్‌లో నువ్వు అన్న మాట నాకు ఇంకా గుర్తొస్తూనే ఉంది బిడ్డా. ‘‘పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీద నలుగురు ఉంటున్నారు మామయ్యా. ఇల్లు వచ్చిందా, పింఛన్ పెరిగిందట కదా, బోనస్ ఎప్పుడు పడుతుంది అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకుంటున్నా’’ అన్నావు. నవ్వు నాలుగు రోజులు నడుస్తుంది. ఐదో రోజు ఆ అరుగు మీదివాళ్లు మీ ఆయన్ని అడగడం మొదలుపెడతారు. ఆ తర్వాత సర్పంచ్ ఆయనే, నువ్వు సంతకం పెట్టే మనిషివి. అందుకే ఫోన్‌లో తేల్చకుండా కాగితం పట్టుకున్నా.

మోరీలు, వీధిలైట్లు, చెత్త ట్రాక్టరు గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పైనుంచి వచ్చేదాన్ని ఊరికి ఎలా చెప్పాలో నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. దెబ్బతిని నేర్చుకున్నా. దెబ్బ నాకు తగిలింది కూడా కాదు, అదే బాధ.

2006లో నేను మొదటిసారి సర్పంచ్‌గా గెలిచా. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్లు మొదలైంది అప్పుడే. మరుసటి ఎండాకాలం ఒక పెద్దమనిషి మా ఊరొచ్చి, చాయ్ తాగుతూ ‘మీకు అరవై ఇళ్లు పడ్డట్టే’ అన్నాడు. అది విని నాకు మనసు ఆగలేదు. ఆ సాయంత్రమే మైకు పట్టుకుని ‘మన ఊరికి అరవై ఇళ్లు వచ్చినయ్, అందరూ తయారుగా ఉండండి’ అని చెప్పేశా. చప్పట్లు కూడా కొట్టారు. ఊరి చివర ఒక ఆమె ఉండేది, భర్త లేడు, ఇద్దరు చిన్న పిల్లలు. నా మాట విని రోహిణి కార్తెలో తన మట్టిగోడల ఇల్లు కూల్చి, జాగా చదును చేసుకుంది. జాబితా వచ్చేసరికి అందులో ఆమె పేరు లేదు. రేషన్ కార్డు అత్త పేరు మీద ఉందట. మృగశిర వచ్చింది, వాన మొదలైంది. ఆ పిల్లలు బడి వరండాలో పడుకున్నారు. నేను వెళ్తే ఆమె తిట్టలేదు. ‘‘మైకుల చెప్పినవు కదా సారూ’’ అంది, అంతే. తర్వాత తిరిగి తిరిగి ఆమెకు ఇల్లు ఇప్పించా, కానీ ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇప్పుడు తెలంగాణలో, నీ ఊళ్లోనూ అదే పేరుతో ఇళ్లు నడుస్తున్నాయి. ఐదు లక్షలు అని అందరికీ తెలుసు. ఆ ఐదు లక్షలకు ముందు ఎన్ని మెట్లున్నాయో తెలిసినవాళ్లు తక్కువ. దరఖాస్తు ఇవ్వడం ఒకటి. సర్వేకి వచ్చి ఫొటో తీసుకుపోవడం ఇంకొకటి. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్‌1, జాగా కూడా లేనివాళ్లు ఎల్‌2 అని విడదీశారు కదా, ఆ జాబితాలో పేరు ఉండటం వేరు. మంజూరు పత్రం చేతికి రావడం వేరు. ఇంటి కొలతలకు ముగ్గు పోయడం ఆ పత్రం వచ్చాకే. ఎవరైనా ‘నాకు ఇల్లు వచ్చింది’ అంటే, ఏ మెట్టు మీద ఉన్నారో అడుగు. నువ్వు ఊరికి చెప్పేటప్పుడు కూడా ఆ మెట్టు పేరే చెప్పు. ‘ఇళ్లు వచ్చాయి’ అనకు, ‘ఇంతమందికి మంజూరు పత్రాలు వచ్చాయి, మిగతావాళ్లవి జాబితాలోనే ఉన్నాయి, పత్రం చేతికి రాకుండా ఉన్న ఇల్లు ఎవరూ కూల్చుకోవద్దు’ అను. ఈ చివరి ముక్క మూడుసార్లు చెప్పు.

పత్రం వచ్చినవాళ్లకు డబ్బు లెక్క కూడా ముందే చెప్పు. బేస్‌మెంట్ అయ్యాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబ్ అయ్యాక కొంత, అంతా పూర్తయ్యాక మిగతాది. పని అయ్యాకే బిల్లు కాబట్టి మొదటి బేస్‌మెంట్‌కు సొంత డబ్బో, మహిళా సంఘం అప్పో కావాలి. 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుంది. కొడుక్కి ఒక గది, అల్లుడొస్తే ఒక గది అని ముగ్గు పెంచుకునేవాళ్లను ఆ రోజే ఆపాలి, స్లాబ్ పడ్డాక ఆపి లాభం లేదు.

ఈ మెట్ల సంగతి అన్నిటికీ ఉంటుంది. వడ్లే తీసుకో. కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యాక మద్దతు ధర డబ్బు ఒకసారి, సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఇంకోసారి పడతాయి. రెండూ కలిపి వస్తాయనుకున్న రైతు మొదటి మెసేజ్ చూసి ‘నా బోనస్ తిన్నారు’ అంటాడు. ముందే చెప్పి ఉంటే ఆ గొడవే లేదు. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరని కోతలకు ముందే చాటింపు వేయించు. వడ్లు కుప్ప పోశాక చెప్తే తిట్టు నీకే.

పింఛన్ గురించి అడిగితే ఇంకా జాగ్రత్త. ఈ నెల పోస్టాఫీసులో చేతికి ఎంత వస్తుందో అంతే చెప్పు. వచ్చేది 2,016 అయితే 2,016 అనే. పెరుగుతుందని ఎవరి ప్రసంగంలోనో విన్నది నీ మాటగా చెప్పకు. జీవో వచ్చిన రోజు నువ్వే డప్పు కొట్టించు, ఎవరు వద్దన్నారు? పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగలేదు కదా, దానివల్ల నీకొక సుఖం ఉంది. ఏ పార్టీ హామీకీ నువ్వు పూచీ పడనక్కర్లేదు. అలాగే ప్రభుత్వం ఇచ్చినదాన్ని ‘నేను ఇప్పించా’ అని చెప్పుకోకు. ఈసారి చెప్పుకుంటే, వచ్చేసారి రానిదానికి కూడా నువ్వే జవాబు చెప్పాలి.

ఎక్కడ చెప్పాలన్నది కూడా ఒక పనే. వాట్సాప్ గ్రూపులో పెట్టేసి ఊరంతటికీ చెప్పానని అనుకోకు. ఆ గ్రూపులో సగం మంది హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు, పింఛన్ ముసలమ్మ మాత్రం ఉండదు. డప్పు చాటింపు పొద్దుగూకే వేళ, కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చాక వేయించు. మహిళా సంఘం మీటింగ్‌కు నెలకోసారి వెళ్లి పది నిమిషాలు మాట్లాడు, నీకు అది నాకంటే సులువు. నేను వెళ్తే ఆడవాళ్లు కొంగు సర్దుకుని లేచి నిలబడేవాళ్లు, అసలు సంగతి ఎవరూ అడిగేవాళ్లు కాదు. రేషన్ షాపు దగ్గర, పోస్టాఫీసు దగ్గర పెద్ద అక్షరాలతో కాగితం అంటించు. దాని మీద తేదీ వేయి. తేదీ లేని కాగితం ఆరు నెలలు గోడ మీదే ఉండి, ఆరు నెలలూ జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

గ్రూపులో జాబితాలు పెట్టేటప్పుడు ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న పేజీ ఫొటో తీసి పడేయకు. కార్యదర్శి తొందరలో పెట్టేస్తాడు, నువ్వు చూసుకో. వైద్యానికి ప్రభుత్వం ఇచ్చే చెక్కు అందుకున్నవాళ్ల ఫొటో కూడా వాళ్లని అడగకుండా పెట్టకు. రోగం ఊరందరికీ తెలియాలని ఎవరికుంటుంది? ఇంకొకటి, ‘పీఎం కిసాన్’ అని పేరు పెట్టి ఒక ఫైలు గ్రూపుల్లో తిరుగుతుంటుంది, నొక్కితే ఖాతా ఖాళీ. నువ్వు ఏ లింకూ ఫార్వర్డ్ చేయకు. ఎవరైనా మోసపోతే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయమను. పీఎం కిసాన్ పడలేదని వచ్చినవాళ్లను ముందు ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం, అయిందా అని అడుగు, తర్వాత ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు కలిసి ఉందో చూసుకోమను. చాలాసార్లు డబ్బు పడే ఉంటుంది, వాళ్లు మర్చిపోయిన ఇంకో ఖాతాలో.

మైకులో చెప్పకూడని వార్త ఒకటుంది. ఇంట్లో మనిషి పోయినప్పుడు రావలసింది. పోయిన రైతు వయసు 18 నుంచి 59 లోపు ఉండి, పట్టా ఉండి, రైతు బీమాలో పేరు ఉంటే నామినీకి 5 లక్షలు వస్తాయి. పేద ఇంట్లో సంపాదించే మనిషి ఆ వయసులో పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20 వేలు వస్తాయి. ఈ రెండోది అడిగేవాళ్లే ఉండరు, తెలియదు కనక. అంత్యక్రియల రోజు ఈ మాట ఎత్తకు. అలాగని వదిలేయకు కూడా. మరణం 21 రోజుల్లోగా పంచాయతీలో నమోదు కావాలి, ఆ సర్టిఫికెట్ లేకపోతే ఏదీ కదలదు. కార్యదర్శితో నమోదు పని చేయించి, దశదిన కర్మ అయ్యాక నువ్వే ఆ ఇంటికెళ్లి కూర్చుని చెప్పు. నేను రెండోసారి సర్పంచ్‌గా ఉన్నప్పుడు ఎక్కువ మంది గుర్తుపెట్టుకున్నది సీసీ రోడ్లు కాదు, ఇదే.

చెడ్డ వార్త దాచకు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలకు ఎన్నికైన పాలకవర్గం లేదు, ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. పంచాయతీలకు వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం డబ్బూ ఆగింది. నీ ఖాతాలో ఎంతుందో నాకు చెప్పావు, ఊరికి చెప్పలేదు. చెప్పు. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి కదా, మొదటి సభలోనే ఖాతాలో ఇంత ఉంది, కరెంటు బిల్లు బాకీ ఇంత, ఇంటి పన్ను రావలసింది ఇంత అని చదివి వినిపించు. ఆర్థిక సంఘం డబ్బు వచ్చినా అందులో ఒక భాగం కచ్చితంగా తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాలి, గుడి ముందు ఆర్చి కట్టడానికి కాదు అని కూడా చెప్పు, ఎందుకంటే ఆర్చి అడుగుతారు. చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి కనక సభకు ముందు రోజు ఆయనకు ఆ లెక్క చూపించు. సభలో మొదటిసారి వింటే అవతలి పక్షంలో కూర్చుంటాడు.

సభలో చదివేది నువ్వే చదువు. మీ ఆయన మంచివాడే, గొంతూ పెద్దదే. అయినా మైకు ఆయన చేతికి ఒక్కసారి ఇస్తే తిరిగి రాదు. మొదట్లో గొంతు వణుకుతుంది. వణకనీ. తెలియనిది అడిగితే ‘తెలియదు, కనుక్కుని ఫలానా రోజు చెప్తా’ అను, ఆ రోజు నోటుబుక్కులో రాసుకో. జవాబు దొరక్కపోయినా ఆ రోజు వెళ్లి ‘ఇంకా తెలియలేదు’ అని చెప్పి రా. ఇది చాలా కష్టం, నేను సగం సార్లు ఎగ్గొట్టాను.

పంచాయతీ నోటీసు బోర్డు అద్దం పగిలిందని, కాగితాలు తడుస్తున్నాయని పంచాయతీ పనులు చూసే మీ కారోబార్ మొన్న సంతలో కలిసినప్పుడు చెప్పాడు. ముందు అది వేయించు. ఆదివారం మీ అత్తమ్మ, నేను వస్తున్నాం. నా పాత నోటుబుక్కులు రెండు తెస్తున్నా, రాత అర్థం కాకపోతే అప్పుడే అడుగు.

మీ మామయ్య